శాసనం చదివి "మంచి రాజు" దగ్గరే ఆగిపోతున్నారు, ఏం చేయాలి?

8వ తరగతికి సోషల్ చెబుతాను. 36 మంది పిల్లలు, 40 నిమిషాల పీరియడ్. కాకతీయ గణపతిదేవుడు 1244లో వేయించిన మోటుపల్లి అభయ శాసనంలోని ముఖ్యమైన భాగాన్ని పది లైన్ల వాడుక తెలుగులో రాసి ఇచ్చాను. తుఫానుకు ఒడ్డుకు కొట్టుకొచ్చిన ఓడల సరుకంతా పాత రాజులు లాక్కునేవారు, మేం సుంకం మాత్రం తీసుకుని మిగతాది వదిలేస్తాం అని సముద్ర వర్తకులకు ఇచ్చిన మాట అది.

ఎవరు, ఎప్పుడు, ఎవరికోసం అంటే టక్కున చెబుతున్నారు. ఎందుకు వేయించాడంటే మాత్రం అందరిదీ ఒకటే జవాబు: "రాజు దయగలవాడు సార్." ఇది రాజు తన గురించి తానే చెప్పుకున్న మాట అన్న ఊహే వాళ్లకు రావడం లేదు.

రెండు వారాల్లో మూడు పీరియడ్లు దీనికే పెట్టాను. నలుగురేసి గ్రూపులు చేశాను. ఒకసారి నేనే విశ్లేషించి చూపిస్తే నా వాక్యాలే నోట్సులో ఎక్కించుకున్నారు. వర్తకుడివి అనుకుని చదవమంటే ఒక్క గ్రూపు మాత్రం "అంతకుముందు ఓడలు రావడం తగ్గిందేమో సార్" అంది. ఆ రోజు ఎంత సంతోషమేసిందో! మిగతావాళ్లకు అది అందలేదు.

జవాబు నేను అందించకుండా ఆ ఆలోచన వాళ్లంతట వాళ్లకే రావాలంటే, శాసనం చేతికిచ్చాక మొట్టమొదట అడగాల్సిన ప్రశ్న ఏది?