చదువు ఎక్కట్లేదు, చెవులు మాత్రం పాము చెవులు. ఈ పిల్లాణ్ణి ఏం చేయాలి?

బొబ్బిలి అమ్మ:
మా బాబు ఎనిమిదో తరగతి, ప్రైవేటు బడి. చదవమంటే, వేలు పెట్టుకున్నా సరే, కింది లైనులోకి జారిపోతాడు. ‘భ’ రాయాల్సిన చోట ‘బ’. బుజ్జగించాను, రెండు వేశాను కూడా, అబద్ధమెందుకు.

సెలవుల్లో గొల్లపల్లిలో మా నాన్న దగ్గర కూర్చుంటే వేరే మనిషి. మొన్న నాన్న వీణకి మెట్లు పెడుతున్నారు. మొత్తం 24. మైనం గట్టిపడకముందే ఒక్కొక్కటీ మీటి చూసి జరుపుతారు. ఒక మెట్టు దగ్గర వీడు "తాతా, శ్రుతి రవ్వంత ఎక్కువైంది" అన్నాడు. నాన్న మళ్లీ మీటి, గోటి మందం జరిపారు. మెచ్చుకోలేదు గానీ, ఆ పూట మిగతా మెట్లన్నీ వీణ్ణి అడిగే పెట్టారు.

బడిలోనేమో ఆఖరి సెక్షన్. ఆటల పీరియడ్ తీసేసి స్టడీ అవర్ పెట్టారు. ఫీజు మాత్రం అందరితో సమానం! మాన్పించి పనిలో పెట్టేద్దామంటారు మా ఆయన. నాకు మనసొప్పట్లేదు.

లెక్కల మాస్టారు, గజపతినగరం:
మాన్పించకండమ్మా. డిస్‌లెక్సియా కావచ్చు, అంటే తెలివి ఉన్నా చదవడం, రాయడం దగ్గర తడబడే ఇబ్బంది. పరీక్ష చేయిస్తేనే తేలుతుంది. 2016 దివ్యాంగుల హక్కుల చట్టంలో ఇదీ ఉంది. మీ మండలంలో భవిత కేంద్రం (ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం ప్రభుత్వం నడిపేది) టీచరుని కలిసి, పరీక్ష ఎక్కడ చేస్తారో కనుక్కోండి. సర్టిఫికెట్ ఉంటే పదో తరగతి పరీక్షలకి అదనపు సమయం అడగొచ్చు. హాల్‌టికెట్లు వచ్చాక పరిగెత్తేవాళ్లని ఏటా చూస్తున్నాను, ఇప్పుడే మొదలుపెట్టండి.

ఆమదాలవలస నాన్న:
మాస్టారూ, కాగితాల మీద అన్నీ ఉంటాయి. ఆరు నుంచి ఎనిమిది తరగతుల మధ్య పది రోజులు సంచి లేకుండా వడ్రంగి, కుమ్మరి లాంటివాళ్ల దగ్గర పని నేర్పించాలని 2020 జాతీయ విద్యా విధానంలో ఉంది. మా పాప బడిలో సంచి వద్దన్నారు, నిజమే. పెన్నూ అట్టా తెచ్చుకోమని స్లిప్ టెస్టులు పెట్టారు.

వీణల పని, గొల్లపల్లి:
అప్పా, నేను ఏడులో మానేశాను. పనస దుంగ చూస్తే ఎన్ని వీణలొస్తాయో చెప్తాను. ఆర్డరు ఇంగ్లీషులో వస్తే మాత్రం పక్కింటి కుర్రోడు బడి నుంచి వచ్చేదాకా ఫోను పట్టుకుని కూర్చోవాలి. బావగారికి ఈ మాట చెప్పండి. పనికి ఆదివారాలు చాలు. విజయనగరం సంగీత కళాశాలకి కూడా ఒకసారి తీసుకెళ్లండి. 1919లో పెట్టింది, ఆదిభట్ల నారాయణదాసు గారు మొదటి ప్రిన్సిపాల్. వీణ క్లాసు బయట కాసేపు నిలబెట్టినా చాలు, వాడే చెప్తాడు.

బొబ్బిలి అమ్మ:
తమ్ముడూ, నీ మాట మా ఆయనకి చదివి వినిపించాను. "సరే, పది అయ్యాక చూద్దాం" అన్నారు. ఆయన నోట అదే ఎక్కువ. బాబు పక్కనే విని, "మా సెక్షన్లో నాలాంటోళ్లు ఇంకో ఇద్దరున్నారమ్మా" అన్నాడు. వాళ్ల అమ్మల నంబర్లు కనుక్కుంటున్నాను. సోమవారం ముగ్గురం కలిసి భవితకి వెళ్తాం, వస్తూ వస్తూ బడిలో ఆటల పీరియడ్ సంగతీ అడుగుతాం.