కత్తిపీట ముందు కూర్చున్న మిసెస్ సేన్‌ను ఎలా చదవాలి?

హైదరాబాదులో ఎం.ఏ. ఇంగ్లీషు చివరి సంవత్సరం చదువుతూ, భారతీయ-అమెరికన్ రచయిత్రి ఝుంపా లాహిరి 1999 నాటి తొలి సంపుటిలోని ‘మిసెస్ సేన్స్’ కథపై వ్యాసం రాస్తున్నాను. అమెరికాలో నేల మీద పాత పేపర్లు పరిచి కత్తిపీటతో కూరలు తరిగే ఆమెను (తార్నాకలో మా అమ్మమ్మ కూర్చునే తీరే అది) చూస్తే, వలస పాలన ప్రభావాలను పరిశీలించే వలసానంతర (పోస్ట్‌కలోనియల్) దృష్టికి ఆ కత్తిపీట విడిచి వచ్చిన ఊరికి గుర్తుగా, స్త్రీవాద దృష్టికి ఆమెను వంటపనికి కట్టేసిన పనిముట్టుగా కనిపిస్తోంది. పైగా కథంతా ఆమె చూసుకునే పదకొండేళ్ల అబ్బాయి ఎలియట్ చూపులోంచే నడుస్తుంది కనుక ఆమె మనసు మనకు నేరుగా అందదు. అలాగని ప్రొఫెసర్ భార్య అయిన ఆమెకు అట్టడుగు వర్గాల (సబాల్టర్న్) గొంతు వినబడదన్న సిద్ధాంతకర్త గాయత్రీ స్పివాక్ వాదాన్ని వర్తింపజేయడం నాకు అతిగా తోస్తోంది. మూడో ప్రపంచపు స్త్రీలందరినీ ఒకే గాటన కట్టవద్దన్న స్త్రీవాద సిద్ధాంతకర్త చంద్రా తల్పదే మొహంతీ విమర్శే దగ్గరగా ఉంది. ఆ విమర్శ ఆధారంగా ఈ రెండు పఠనాలనూ ఒకే వాదంగా ఎలా నడపాలో, డయాస్పోరా (ప్రవాస జీవితపు) కథలపై పనిచేసిన వారెవరైనా దయచేసి చెప్పగలరా?