"మైండ్ ద గ్యాప్"ని తెలుగులో ఎలా అంటారు?

మొన్న మా అమ్మ లండన్ వచ్చింది. ఎంబాంక్‌మెంట్ స్టేషన్లో ట్యూబ్ రైలు (అక్కడి భూగర్భ రైలు) ఆగగానే ఆ గొంతు: "మైండ్ ద గ్యాప్". రెండోసారి విన్నాక అడిగింది, "ఎవరి మైండులోరా గ్యాపు?"

తప్పు ఆవిడది కాదు. మనకు మైండ్ అంటే బుర్ర. "డోంట్ మైండ్" అంటే ఏమీ అనుకోకండి అని. గ్యాప్ అంటే ఇద్దరు స్నేహితుల మధ్య వచ్చేది, లేదా హీరో సినిమాకీ సినిమాకీ మధ్య తీసుకునేది. రెండూ రోజూ వాడే మాటలే, కలిపితే మాత్రం బోల్తా కొట్టించాయి.

అసలు సంగతేమిటంటే, అక్కడ ప్లాట్‌ఫాం వంపు తిరిగి ఉంటుంది, రైలు పెట్టెలు తిన్నగా ఉంటాయి. ఆగినప్పుడు మధ్యలో సందు మిగిలిపోతుంది. అందులో కాలు పడకుండా చూసుకోమని ఆ హెచ్చరిక. సిబ్బంది ప్రతి రైలుకీ నోటితో అరవలేక 1968 ప్రాంతంలో ఈ మాట రికార్డు చేసి పెట్టారు. అప్పట్లో డిజిటల్‌గా గొంతు దాచడం బాగా ఖరీదు, అందుకని పొట్టి మాట కావాల్సొచ్చింది. దయచేసి లేదు, రైలు లేదు, ప్లాట్‌ఫాం లేదు. 1933లో అచ్చయిన ట్యూబ్ మ్యాప్‌లో హ్యారీ బెక్ చేసిందీ ఇలాంటిదే: అసలు దూరాలూ వంకరలూ వదిలేసి తిన్నని గీతలూ స్టేషన్లూ ఉంచాడు. నాకైతే ఆ మ్యాపు కన్నా ఈ మూడు మాటలే గొప్ప డిజైన్.

మరి తెలుగులో? "సందు జాగ్రత్త" అనుకున్నాను గానీ చెవికి ఆనలేదు.

జవాబు (విజయవాడ నుంచి): ఆనదు మరి. "పిల్లలు జాగ్రత్త", "డబ్బు జాగ్రత్త" అంటాం, అంటే వాటిని కాపాడుకోమని. సందు జాగ్రత్త అంటే ఆ సందునెవరో ఎత్తుకుపోతారన్నట్టుంది! అందుకే గేటు మీద "కుక్క జాగ్రత్త" అని కాకుండా "కుక్కలున్నవి జాగ్రత్త" అని రాయిస్తారు. ఆ "ఉన్నవి"లోనే ఉంది కిటుకు.

నేను: భలే. ఇంగ్లిష్‌లో పిల్లాణ్ణి చూసుకోమన్నా మైండే, మెట్టు చూసుకోమన్నా మైండే. మనకు "చూసుకో" ఆ రెండు పనులూ చేస్తుంది, "జాగ్రత్త" దగ్గరే పేచీ. "సందుతో జాగ్రత్త" అంటే?

జవాబు (విజయవాడ నుంచి): "వాడితో జాగ్రత్త" అన్నట్టు, సందు ఏదో మోసగాడిలా ఉంది.

జవాబు (ఒంగోలు నుంచి): "మెట్టు జాగ్రత్త" అంటాం కదండీ? మెట్టునేం కాపాడుకోం.

నేను: నిజమే, అదీ అంటాం. కళ్లెదురుగా కనిపించేదాన్ని వేలితో చూపిస్తూ అంటే నప్పుతుందేమో. మైకులో ఎవరికో చెప్పేటప్పుడు నప్పదు. అదీగాక సందు అనగానే సగం మందికి ఇళ్ల మధ్య గల్లీ గుర్తొస్తుంది. ఖాళీ అంటే తీరిక. ఎడం పర్లేదు, కానీ "ఎడం చూసుకోండి" అంటే అందరూ ఎడమ వైపు తిరుగుతారు.

జవాబు (కరీంనగర్ నుంచి): మీరు సందును పట్టుకుని వేలాడుతున్నరు. మనోళ్లు గుంటను తలుచుకోరు, అందులో పడేదాన్ని తలుచుకుంటరు. గుమ్మం కిందికుంటే "తల జాగ్రత్త" అంటం, గుమ్మం జాగ్రత్త అనం. మా నాయనమ్మ ఆ ప్లాట్‌ఫాం మీదుంటే ఒక్కటే మాట అంటుండె: "కాలు పైలం బిడ్డా."