ఫ్యాబ్‌లు అరిజోనాకి వెళ్తే తైవాన్ పట్టు పోయినట్టేనా?

కృష్ణాతీరం:
అందరికీ నమస్కారం. చాలా రోజులుగా బుర్ర తొలిచేస్తున్న డౌట్ ఇది. 2020 మేలో తైవాన్ చిప్ కంపెనీ టీఎస్ఎంసీ అమెరికాలోని అరిజోనాలో 12 బిలియన్ డాలర్లతో ఫ్యాబ్ (చిప్‌లు తయారుచేసే ఫ్యాక్టరీ) కడతామంది, 2025 మార్చికల్లా ఆ లెక్క 165 బిలియన్లకి ఎగబాకింది. చిప్‌ల తయారీని తమ దేశానికి రప్పించడానికి తెచ్చిన చిప్స్ చట్టం కింద అమెరికా ప్రభుత్వం 6.6 బిలియన్ల గ్రాంటు కూడా రాసిచ్చింది. ఇన్నాళ్లూ మనం విన్నదేంటి? చిప్‌లే తైవాన్‌కి రక్ష, అవి అక్కడ తయారవుతున్నంత కాలం చైనా చెయ్యెత్తడానికి జంకుతుంది, అమెరికా కూడా వదిలేసి పోదు అని. మరి ఆ ఫ్యాబ్‌లే అరిజోనాలోని ఫీనిక్స్‌కి వెళ్లిపోతుంటే కూర్చున్న కొమ్మని నరుక్కోవడం కాదా ఇది? వాళ్లెందుకు ఒప్పుకున్నట్టు? పార్టీల గొడవ తేకుండా, తెలిసినవాళ్లు కాస్త విప్పి చెప్పండి.

క్లీన్‌రూమ్ కాపరి:
కృష్ణాతీరం గారూ, నేను చిప్‌ల తయారీలో ఎచింగ్ (చెక్కే పని) వైపు పనిచేస్తాను, కంపెనీ పేరు అడగొద్దు. ఫ్యాబ్ అంటే బిల్డింగు, అందులో మెషీన్లు అనుకుంటారు చాలామంది. ఒక వేఫర్ (చిప్‌లు చేసే పల్చటి సిలికాన్ బిళ్ల) లోపలికి వెళ్తే కొన్ని వందల స్టెప్పులు దాటుకుని బయటికి రావడానికి ఇంచుమించు మూడు నెలలు పడుతుంది, మధ్యలో ఏ ఒక్క టూల్ మొరాయించినా వెనక క్యూ పెరిగిపోతుంది. తైవాన్‌లో చిప్‌ల కేంద్రమైన సించులో అయితే మెషీన్ అమ్మినవాడు, గ్యాస్ ఇచ్చేవాడు, స్పేర్ పార్టు చేసేవాడు అందరూ ఆ చుట్టుపక్కలే ఉంటారు. టీఎస్ఎంసీ స్థాపకుడు మోరిస్ చాంగ్ ఒకసారి చెప్పాడు కదా, రాత్రి ఒంటిగంటకి మెషీన్ ఆగితే అమెరికాలో మర్నాడు పొద్దున బాగవుతుంది, తైవాన్‌లో రెండింటికే బాగవుతుంది అని. పెద్దాయన కొంచెం గొప్పలు పోయాడేమో గానీ అబద్ధం మాత్రం కాదు. (ఆ రెండింటికి లేచి వెళ్లేవాడి నిద్ర సంగతి ఎవరూ అడగరు, అది వేరే థ్రెడ్.)

అరిజోనాలో ఏం జరిగిందో చూడండి. కెమికల్స్ ధర తైవాన్ కంటే ఐదు రెట్లు ఎక్కువ కావడంతో సల్ఫ్యూరిక్ యాసిడ్‌ని తైవాన్ నుంచి ఓడలో లాస్ ఏంజలిస్‌కి తెచ్చి, అక్కణ్ణుంచి ట్రక్కుల్లో ఎడారికి తోలుకున్నారు. ఇది నేను కల్పించింది కాదు, కంపెనీ ఛైర్మన్ సి.సి. వేయ్ స్వయంగా చెప్పుకున్న గోడు. పర్మిట్ల బాధ పడలేక నిపుణుల్ని పెట్టి 18 వేల రూల్స్ రాయించుకున్నామని, దానికే మూడున్నర కోట్ల డాలర్లు అయ్యాయని కూడా అన్నాడు. చేయి తిరిగిన పనివాళ్లు దొరక్క ఉత్పత్తి మొదలుపెట్టాల్సిన 2024 గడువు 2025కి జరిగింది, తైవాన్ నుంచి మనుషుల్ని దింపితే అక్కడి యూనియన్లు గొడవకి దిగాయి.

అన్నీ దాటుకుని 2025 అక్టోబరులో ఎన్‌విడియా వాళ్ల ఏఐ చిప్ బ్లాక్‌వెల్ వేఫర్ మొదటిది ఫీనిక్స్‌లో బయటికొచ్చింది, అందరూ ఫొటోలు దిగారు. కానీ దాన్ని మెమరీతో కలిపి చిప్‌గా తయారుచేసే ప్యాకేజింగ్‌కి మళ్లీ తైవాన్ వెళ్లాల్సిందే. 2 నానోమీటర్ ఉత్పత్తి మొదలైంది కూడా తైవాన్‌లోనే, అరిజోనాది అప్పటికి 4 నానోమీటర్ (ఈ నంబరు ఎంత చిన్నదైతే టెక్నాలజీ అంత కొత్తది). అంటే వాళ్లు తాళంచెవి నడుముకే దోపుకుని ఇల్లు అద్దెకిచ్చారు. ఇక ఎందుకు ఒప్పుకున్నారంటారా, ఆపిల్, ఎన్‌విడియా, ఏఎమ్‌డీ అన్నీ అమెరికా కస్టమర్లే, పైన టారిఫ్ కత్తి వేలాడుతోంది. అలాంటప్పుడు కాదంటే కుదురుతుందా?

ఓరుగల్లు మనిషి:
కాపరి అన్నా, నువ్వు చెప్పింది ఈరోజు లెక్క. పదేళ్ల తర్వాత కూడా ఇట్లనే ఉంటదని నాకు నమ్మకం లేదు. అరిజోనాలో యీల్డ్ (వేఫర్‌లో పనికొచ్చే చిప్‌ల శాతం) తైవాన్‌తో సమానంగానే వస్తోందని ఆ కంపెనీయే చెప్తోంది కదా, అంటే నేర్చుకోలేని విద్యేం కాదని తేలిపోయింది. ప్యాకేజింగ్ కంపెనీ ఆమ్‌కార్ వాళ్లు ఫీనిక్స్ పక్కనే పియోరియాలో ప్లాంటు పెడుతున్నారు. 2025 సెప్టెంబరులో అమెరికా వాణిజ్య మంత్రి లట్నిక్ చిప్‌ల తయారీ సగం తైవాన్‌లో సగం అమెరికాలో చేద్దామని నోరు తెరిచి అడిగేశాడు, తైవాన్ ఉప ప్రధాని చెంగ్ లీ-చున్ అలాంటి దానికి ఒప్పుకోమని తేల్చి చెప్పింది. అడగడమంటూ మొదలైందంటే ఆగరు. జపాన్‌ని చూడు, 1986లో అమెరికా వాళ్లు చిప్ ఒప్పందం మీద సంతకం పెట్టించుకున్నారు, మరుసటి ఏడాదే మాట తప్పారంటూ 100 శాతం సుంకం వేశారు. మిత్రదేశమని ఊరుకున్నారా? ఆ తర్వాత మెమరీ మార్కెట్ కొరియా చేతికి పోయింది, దానికి కారణాలు ఇంకా ఉన్నాయనుకో.

మినామి వీధి:
నేనుండేది జపాన్‌లోని క్యూషూ. ఇక్కడ టీఎస్ఎంసీ కట్టిన కుమమోటో ఫ్యాబ్ గురించి ఎవరూ ఎత్తలేదేంటి? 2022లో పునాది తవ్వి 2024 ఫిబ్రవరికల్లా ప్రారంభించేశారు, షిఫ్టుల్లో రాత్రీ పగలూ కట్టారు. సోనీ, డెన్సో భాగస్వాములు, జపాన్ ప్రభుత్వం 476 బిలియన్ యెన్‌ల దాకా సాయం చేసింది. ఇక్కడ చేసేవి 12 నుంచి 28 నానోమీటర్ల మధ్యవే, కెమెరా సెన్సర్లకి తోడుగానూ, కార్లలోనూ పనికొచ్చేవి, కొనేవాళ్లు ఇక్కడే ఉన్నారు. అందుకే పని సాఫీగా సాగింది అనుకుంటాను. దీనికీ తిప్పలు లేకపోలేదు. ఫ్యాబ్ ఉన్న కికుయో చిన్న ఊరు, చుట్టూ పొలాలు. ఇప్పుడు భూముల రేట్లు ఆకాశంలో ఉన్నాయి, ఇక ట్రాఫిక్ అయితే చెప్పక్కర్లేదు. పావుగంట దారికి గంట పడుతోందని, రెండో ఫ్యాబ్ ఆలస్యానికి అదే కారణమని వేయ్ 2025 జూన్‌లో వాటాదారుల ముందే చెప్పాడు. ప్రపంచ రాజకీయమంతా వచ్చి రెండు లేన్ల రోడ్డు దగ్గర ఆగిందన్నమాట.

కృష్ణాతీరం:
చాలా థాంక్స్ అండీ అందరికీ. అయితే గుజరాత్‌లో మన ధోలేరా ఫ్యాబ్ సంగతేంటి? టాటా 91 వేల కోట్లతో కట్టేది 28 నానోమీటర్ అని విని మా ఆఫీసులో నవ్వుతున్నారు, పాత సరుకు అని.

క్లీన్‌రూమ్ కాపరి:
నవ్వేవాళ్లకి నెక్స్‌పీరియా కథ చెప్పండి. అది డచ్ కంపెనీ, యజమాని చైనా వింగ్‌టెక్. చేసేది డయోడ్లు, ట్రాన్సిస్టర్ల లాంటి చిల్లర సామాను, ఒక్కోటి పైసల్లో ఉంటుంది. 2025 సెప్టెంబరు చివర్లో డచ్ ప్రభుత్వం 1952 నాటి చట్టం ఒకటి బయటికి తీసి కంపెనీని తన అదుపులోకి తీసుకుంది. నాలుగు రోజులు తిరక్కుండానే చైనా తన గడ్డ మీది నుంచి ఆ కంపెనీ సరుకు బయటికి పోకుండా ఆపేసింది. వేఫర్లు జర్మనీలో, ఇంగ్లండ్‌లో చేసినా, దాదాపు 70 శాతం సరుకు ప్యాకేజింగ్ అయ్యేది చైనాలో, ఎక్కువగా డాంగ్వాన్ ప్లాంటులో. నెల తిరిగేసరికి హోండా వాళ్లు మెక్సికోలో కార్ల తయారీ నిలిపేశారు. నవంబరులో డచ్చివాళ్లే వెనక్కి తగ్గి ఉత్తర్వుని పక్కనపెట్టారు. పాత, చౌక సరుకైనా ఆగితే కార్లు ఆగుతాయన్నమాట.

ఆంధ్రాకి 2025 ఆగస్టులో కేంద్రం ఓకే చేసిన 468 కోట్ల యూనిట్ కూడా ప్యాకేజింగ్‌దే. చిన్నదే, కానీ దాన్ని చూసి నేనైతే నవ్వను. ధోలేరాలో నేను చూసేది నానోమీటర్ నంబరు కాదు, అక్కడ యాసిడ్, గ్యాస్ అమ్మేవాళ్లు ఎంతమంది వచ్చి షెడ్డు వేస్తారన్నది.

ఓరుగల్లు మనిషి:
ఇది మాత్రం ఒప్పుకుంటా అన్నా. సగం-సగం (50-50) మీద నా మాట నాదే.