సికోఫెంట్ అంటే భజనపరుడేనా?

ప్రశ్న:
ఒక్క మాట దగ్గర మూడు రోజులుగా అనువాదం ఆగిపోయిందండి. ప్రాచీన ఏథెన్స్ మీద పిల్లల పుస్తకం చేస్తున్నాను. సోక్రటీస్ స్నేహితుడు క్రిటో ‘సికోఫెంట్ల’ బాధ పడలేకపోతున్నానని అందులో వాపోతాడు. చటుక్కున ‘భజనపరులు’ అని రాసేశాను. రెండు వాక్యాలు దాటేసరికి ఆ భజనపరులే ఆయన్ని కోర్టుకు ఈడుస్తున్నారు! పొగిడేవాడు దావా ఎందుకు వేస్తాడు? నా డిక్షనరీలో ‘ముఖస్తుతి చేసేవాడు’ అనే ఉంది. పిల్లల చేతికి తప్పు వెళ్తుందేమోనని ఒకటే టెన్షన్.

జవాబు 1:
కాకారాయుళ్లు అంటే సరిపోదా అండీ? మా ఆఫీసులో అదే అంటాం.

జవాబు 2:
ఇక్కడ అదీ కుదరదండి. గ్రీకులో ఆ మాటకు ‘అంజూరాన్ని చూపించేవాడు’ అని అర్థం. అంజూరపండ్ల ఎగుమతిపై నిషేధం ఉన్న రోజుల్లో, దొంగచాటుగా పంపేవాళ్లను పట్టిచ్చినవాళ్లకు ఆ పేరొచ్చిందని ప్రాచీన గ్రీకు రచయిత ప్లూటార్క్ చెప్పిన కథ. పండితులు నమ్మరు, పుస్తకంలో పెట్టకండి.

అసలు సంగతి కోర్టుల్లో ఉంది. ఏథెన్స్‌లో ప్రభుత్వం తరఫు ప్రాసిక్యూటర్ లేడు. చాలా నేరాలకు ఏ పౌరుడైనా ఎవరి మీదైనా కేసు వేయొచ్చు. కొన్నింట్లో గెలిస్తే జరిమానాలో వాటా కూడా. ఇక చూడండి, కేసు వేస్తామని బెదిరించి డబ్బు గుంజడం కొందరికి బతుకుతెరువైపోయింది. క్రిటో అయితే తలనొప్పి ఎందుకని డబ్బిచ్చి వదిలించుకుంటాడని వాళ్ల ధీమా. సోక్రటీస్ శిష్యుడు జెనోఫోన్ రాసింది ఇదే. వీళ్లను అదుపు చేయడానికే, తీర్పు చెప్పే జ్యూరీ ఓట్లలో అయిదో వంతు కూడా రాకపోతే కేసు వేసినవాడికి 1000 ద్రాక్మాల (అప్పటి వెండి నాణేలు) జరిమానా పెట్టారు.

ఇంగ్లీషులోకి 16వ శతాబ్దంలో వచ్చినప్పుడూ చాడీలు చెప్పేవాడనే అర్థం. పొగిడేవాడన్నది ఆ తర్వాత చేరింది. ఒకరి మీద చాడీలు మోసేవాడు ఇంకొకరి దగ్గర ఇచ్చకాలు పలకాల్సిందే కదా, అర్థం ఆ దారినే జరిగిందని నా నమ్మకం. ఫ్రెంచిలో ఇప్పటికీ పాత అర్థమే ఉంది.

‘భజనపరుడు’ను మాత్రం పారేయకండి. పొగిడి పబ్బం గడుపుకునేవాడిని గ్రీకులు ‘కోలక్స్’ అనేవారు, అది తగిలినచోట వాడుకోండి.

జవాబు 3:
‘కొండెగాడు’ ఎలా ఉంటుంది?

ప్రశ్న అడిగినవారు:
అది మా అమ్మమ్మ మాటండీ! అన్నయ్య మీద ఏదైనా చెప్పబోతే, విస్తరాకులు కుడుతున్న చెయ్యి ఆపి “కొండేలు మోయకే” అనేది. ‘కొండెగాళ్లు’ అనే పెట్టేశాను. మొదటిసారి వచ్చినచోట ‘తప్పుడు దావాలతో బెదిరించి డబ్బు గుంజేవాళ్లు’ అని కలిపాను. ఇప్పుడు క్రిటో గోడు అర్థమవుతోంది. రాత్రికి ఆ అధ్యాయం పంపేస్తాను.