అప్‌డేట్: రీమ్యాప్ చేయించాక ఇంజిన్ చప్పుడు, దొంగ దొరికాడు

నెల క్రితం అడిగాను కదా, మా 1 లీటరు టర్బో పెట్రోల్ కారుకి రీమ్యాప్ (పవర్ పెరగడానికి ఇంజిన్ కంప్యూటర్‌లోని సాఫ్ట్‌వేర్ మార్పించడం) చేయించాక మూడో గేరులో గట్టిగా తొక్కితే రేకు డబ్బాలో గోళీలు వేసి ఊపినట్టు చప్పుడు వస్తోందని. చాలామంది స్పార్క్ ప్లగ్గులన్నారు. మార్చాను, తగ్గలేదు.

తేడా పెట్రోలులో ఉంది. షాపువాళ్ళు ఎక్కించింది 95 ఆక్టేన్ పెట్రోలుకు సరిపోయే మ్యాప్, అంటే ఆ సాఫ్ట్‌వేర్. నేనేమో బెంగళూరు మారతహళ్ళిలో మామూలు 91 కొట్టించేవాణ్ణి. ఆ ముక్క బిల్లు మీద లేదు, నోటితోనూ చెప్పలేదు. ఆక్టేన్ ఎక్కువైతే పవర్ ఎక్కువని నేనూ అనుకునేవాణ్ణి. కాదు, ఒత్తిడిలో పెట్రోలు దానంతటది అంటుకోకుండా ఎంత తట్టుకుంటుందనే లెక్క అది. రీమ్యాప్‌లో బూస్ట్ (టర్బో లోపలికి నెట్టే గాలి ఒత్తిడి) పెంచి, స్పార్క్ పడే సమయాన్ని ముందుకు జరిపితే, మంట చేరకముందే మిగతా 91 పెట్రోలు భగ్గుమంటుంది, ఆ చప్పుడు అదే. దాన్ని నాక్ సెన్సార్ పసిగడితే, ఇంజిన్ కంప్యూటర్ స్పార్క్‌ను వెనక్కి లాగుతుంది. అంటే డబ్బు పోసి కొన్న పవర్ అక్కడే హుష్!

లాగ్ (ఇంజిన్ కంప్యూటర్ రికార్డు) తీయిస్తే స్పార్క్ టైమింగ్ 5 డిగ్రీలు వెనక్కి పోవడం కనిపించింది. 95 పోయించి తిరుపతి వెళ్ళాం, మొగిలి ఘాట్‌లో కిక్కురుమనలేదు. కానీ ప్రతి ఊళ్ళో 95 ఎక్కడ వెతకను అనుకున్నాను. తిరిగొచ్చి 91 మ్యాప్ వేయించాను. షాపువాడు ముందు ఇంకో రెండు వేలన్నాడు, లాగ్ చూపించాక ఊరుకున్నాడు.

పవర్ కాస్త తగ్గింది. సిల్క్ బోర్డు జంక్షన్ ట్రాఫిక్‌లో అదున్నా చేసేదేముందని మా ఆవిడ. కారుతో వచ్చిన కంపెనీ ఒరిజినల్ సాఫ్ట్‌వేర్ ఫైల్ మాత్రం ఈసారి అడిగి మరీ పెన్‌డ్రైవ్‌లో తెచ్చుకున్నాను.