డివైస్ ట్రీ బోర్డులోనే ఉండాలా, కెర్నల్‌తో పాటు రావాలా?

కొత్త_బోర్డు:
మాది ఒక ఇండస్ట్రియల్ గేట్‌వే. ఏఆర్ఎం చిప్, యూ-బూట్ అనే బూట్‌లోడర్, దాని మీద లైనక్స్. ఒకసారి సైట్‌లో బిగించాక పదేళ్ల పాటు దాన్ని ఎవరూ ముట్టుకోరు. అప్‌డేట్లన్నీ నెట్ మీదే. బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఎక్కడుందో కెర్నల్‌కి చెప్పే డివైస్ ట్రీ బ్లాబ్, అంటే డీటీబీ, ఎక్కడ ఉంచాలనే దగ్గర టీమ్‌లో గొడవ నడుస్తోంది. యూ-బూట్ పక్కనే ఫ్లాష్‌లో పెట్టి లాక్ చేసేద్దామని హార్డ్‌వేర్ వాళ్లు, కెర్నల్‌తో కలిపి ప్రతి అప్‌డేట్‌లో పంపుదామని మేము. ఒక్క బోర్డును కూడా వెనక్కి తెప్పించుకునే వీలు లేదు, టెన్షన్ అంతా అదే. రెండు పద్ధతులూ చూసినవాళ్లు చెప్పండి.

బూట్_పక్షం:
మీ హార్డ్‌వేర్ వాళ్లు చెప్పిందే సరైనది. డీటీబీ అంటే బోర్డు వర్ణన. బోర్డు మారనప్పుడు దాని వర్ణన ఎందుకు మారాలి? అసలు ఈ ట్రీ పుట్టింది ఓపెన్ ఫర్మ్‌వేర్ అనే పాత బూట్ ప్రమాణంలో. స్పార్క్, పవర్‌పీసీ మెషీన్లలో ట్రీని రామ్‌లో నిర్మించి ఇచ్చేది ఫర్మ్‌వేరే, ఓఎస్ దాన్ని చదువుకునేది. లైనక్స్ డాక్యుమెంటేషన్ కూడా డివైస్ ట్రీ బైండింగులను, అంటే ట్రీలో ఏది ఎలా రాయాలనే నియమాలను, స్థిరమైన ఏబీఐగానే (విరగకూడని ఒప్పందంగానే) చూస్తుంది. అంటే పాత డీటీబీతో కొత్త కెర్నల్ బూట్ కావాల్సిందే. ఫర్మ్‌వేర్ ట్రీ ఇస్తే దాని మీద డెబియన్ వేసుకోవచ్చు, ఫెడోరా వేసుకోవచ్చు, ఫ్రీబీఎస్‌డీ కూడా వేసుకోవచ్చు. ప్రతి కెర్నల్ తన ట్రీని తనే మోసుకొస్తే, ప్రతి ఓఎస్ ఇమేజ్‌లో ప్రపంచంలోని బోర్డులన్నీ ఉండాలి. పీసీలో కొత్త లైనక్స్ వేసినప్పుడల్లా మనం బయాస్ మార్చడం లేదు కదా.

ఫైనల్_ఇయర్:
మధ్యలో వస్తున్నందుకు ఏమీ అనుకోకండి అన్నా. పెన్‌డ్రైవ్ పెడితే కెర్నల్ దానంతట అదే గుర్తుపడుతుంది. మరి చిప్‌లోనే ఉన్న యూఆర్ట్‌కీ (సీరియల్ పోర్ట్) టైమర్‌కీ ఈ ట్రీ దేనికి?

సీరియల్_కన్సోల్:
తమ్ముడూ, యూఎస్‌బీ, పీసీఐ డివైస్‌లు అడిగితే తాము ఎవరో చెప్తాయి: వెండర్ నంబర్ ఇది, ప్రొడక్ట్ నంబర్ ఇది అని. చిప్ లోపలి యూఆర్ట్‌ని అలా అడిగే దారి లేదు. అది ఏదో ఒక అడ్రస్ దగ్గర కూర్చున్న కొన్ని రిజిస్టర్లు, అంతే. ఏఆర్ఎం వాళ్ల పీఎల్011 యూఆర్ట్‌లో ఐడీ రిజిస్టర్లు ఉన్నమాట నిజమే. కానీ వాటిని చదవాలన్నా ముందు అడ్రస్ తెలియాలి, దాని క్లాక్ ఆన్‌లో ఉండాలి. రాస్ప్‌బెర్రీ పైనే చూడు. ఇదే పీఎల్011, మొదటి పైలో హెక్స్ 20201000 దగ్గర ఉంది, పై 2లో 3ఎఫ్201000 దగ్గర, పై 4లో ఎఫ్‌ఈ201000 దగ్గర. డ్రైవర్ ఒక్కటే, చిరునామాలు మూడు. ఒకప్పుడు ఈ సమాచారమంతా కెర్నల్‌లో బోర్డుకో సీ ఫైల్‌గా ఉండేది. 2011 మార్చిలో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ ఏఆర్ఎం కోడ్ మీద మెయిలింగ్ లిస్ట్‌లోనే గట్టిగా విరుచుకుపడ్డాడు. ఏఆర్ఎం వైపు డివైస్ ట్రీకి మళ్లడం ఆ తర్వాతే ఊపందుకుంది. ఇప్పుడు ట్రీలోని కంపాటిబుల్ స్ట్రింగ్ (డివైస్ రకం చెప్పే పేరు) ఏ డ్రైవర్‌తో కలిస్తే కెర్నల్ ఆ డ్రైవర్‌ని మొదలుపెట్టే ప్రోబ్ ఫంక్షన్‌ని పిలుస్తుంది. అడ్రస్, ఇంటరప్ట్, క్లాక్ అన్నీ డ్రైవర్ అక్కడి నుంచే తీసుకుంటుంది.

ఇక అసలు ప్రశ్న. కొత్త_బోర్డు గారూ, కెర్నల్‌తోనే పంపండి. బోర్డు మారదు కాబట్టి వర్ణన మారదనే మాటతోనే నాకు పేచీ. బోర్డు మారకపోవచ్చు, బోర్డు గురించి మనకు తెలిసింది మారుతూనే ఉంటుంది. ట్రీ రాసేది మనిషి. అందులో డ్రైవర్ చదివే లైన్లే టెస్ట్ అవుతాయి. డ్రైవర్ పట్టించుకోని లైన్‌లో తప్పున్నా, పట్టించుకునే రోజు వచ్చేదాకా అది ఎవరి కంటా పడదు.

2019లో సరిగ్గా ఇదే జరిగింది. గిగాబిట్ ఈథర్‌నెట్‌లో చిప్‌లోని మ్యాక్‌కీ (ఈథర్‌నెట్ కంట్రోలర్), కేబుల్ వైపు సిగ్నల్ చూసుకునే, బయట ఉండే ఫై చిప్‌కీ మధ్య ఆర్‌జీఎంఐఐ లింక్ ఉంటుంది. క్లాక్ 125 మెగాహెర్ట్జ్, దాని రెండు అంచుల మీదా డేటా నడుస్తుంది. అందుకని క్లాక్‌ని డేటా కంటే సుమారు 2 నానోసెకన్లు వెనక్కి జరపాలి. ఆ ఆలస్యం ఎవరు పెట్టాలో ట్రీలోని ఫై-మోడ్ చెప్తుంది. వట్టి ఆర్‌జీఎంఐఐ అని ఉంటే ఫై పెట్టకూడదు. చివర ఐడీ ఉంటే, పంపేవైపూ అందుకునేవైపూ ఫైయే పెట్టాలి. ఎథరోస్ ఏఆర్8031 అనే ఫై చిప్ రీసెట్ అయ్యాక అందుకునేవైపు ఆలస్యాన్ని తనంతట తనే ఆన్ చేసుకుంటుంది. పాత డ్రైవర్ దాన్ని ఆఫ్ చేసేది కాదు. దాంతో ట్రీలో తప్పు మోడ్ రాసిన బోర్డులు కూడా ఏ ఇబ్బందీ లేకుండా నడిచాయి. 2019లో డ్రైవర్‌ని సరిచేసి, ట్రీ ఏం చెప్తే అదే చేసేలా మార్చారు. దాంతో కొన్ని బోర్డుల్లో నెట్‌వర్క్ పోయింది. ఇలాంటప్పుడు లాగ్‌లో లింక్ అప్ అనే వస్తుంది, ప్యాకెట్ మాత్రం లోపలికి రాదు.

దీనికి మందు ట్రీలో ఒక్క పదం మార్చడం. కెర్నల్‌తో ట్రీ పంపేవాళ్లకి అది మామూలు అప్‌డేట్. లాక్ చేసినవాళ్ల సంగతేమిటి? మీకు అప్‌డేట్ వచ్చేదే నెట్ మీద, పోయింది ఆ నెట్టే.

క్లాక్_గేట్:
ఇంకోటి కలుపుతాను. బూట్ చివర్లో కెర్నల్ ఎవరూ అడగని క్లాకులన్నింటినీ ఆపేస్తుంది. ఒక పెరిఫెరల్‌కి (యూఆర్ట్ లాంటి చిప్‌లోని భాగానికి) క్లాక్ కావాలని ట్రీలో రాయకపోయినా, యూ-బూట్ ఆన్ చేసి వదిలేసింది కాబట్టి అప్పటిదాకా నడిచిపోతుంది. ఆ చిప్‌కి అసలైన క్లాక్ డ్రైవర్ వచ్చిన రోజున ఆ క్లాక్ ఆగుతుంది. తర్వాత ఎవరైనా ఆ రిజిస్టర్‌ని చదివారంటే, చాలా చిప్‌లలో బస్ అక్కడే ఇరుక్కుంటుంది. ఎర్రర్ మెసేజ్ ఉండదు, సీరియల్ పోర్ట్ సగం లైన్‌లో ఆగిపోతుంది. వాడని క్లాకుల్ని ఆపొద్దనే బూట్ ఆప్షన్ ఇచ్చి చూస్తే గానీ కారణం దొరకదు. డేటాషీట్‌లో ఉన్నా ట్రీలోకి ఎక్కని ఇలాంటి సంగతులు ప్రతి చిప్‌కీ ఉంటాయి.

బూట్_పక్షం:
సీరియల్_కన్సోల్ గారూ, మీరు చెప్పిన కథలో ఏబీఐని విరగ్గొట్టింది కెర్నలే. నడుస్తున్న బోర్డు ఆగిపోతే, ట్రీలో తప్పుందని చేతులు దులుపుకుంటే ఎలా? డీటీబీ ఎలాగూ కెర్నల్‌తోనే వస్తుందిలే అనే ధీమా డెవలపర్లలో పెరిగేకొద్దీ ఇలాంటివి ఎక్కువవుతాయి. లాక్ చేసిన ట్రీతో నడిచే బోర్డులు బయట ఉన్నాయి కాబట్టే వాళ్లు ఈమాత్రమైనా జాగ్రత్తగా ఉన్నారు. ఇంకో సంగతి. వీళ్ల బోర్డు పదేళ్లలో నాలుగైదు రివిజన్లు మారుతుంది. రామ్ ఎంతో, మ్యాక్ అడ్రస్ ఏమిటో, ఇది ఏ రివిజనో అప్‌డేట్ సర్వర్‌కి ఎలా తెలుస్తుంది? బోర్డుకే తెలియాలి.

సీరియల్_కన్సోల్:
మీ రెండో మాటతో నూటికి నూరు పాళ్లూ ఏకీభవిస్తాను. ఆ మూడూ ఫర్మ్‌వేర్‌కి మాత్రమే తెలిసిన నిజాలు, ఫర్మ్‌వేరే చెప్పాలి. కెర్నల్‌కి ట్రీని అప్పగించే ముందు యూ-బూట్ అందులో మెమరీ సైజు, మ్యాక్ అడ్రస్, బూట్ ఆర్గ్యుమెంట్లు ఎలాగూ నింపుతుంది. దాన్ని అలాగే ఉంచుకోవాలి. నా అభ్యంతరం మిగతా వేల లైన్ల గురించి: ఏ పెరిఫెరల్ ఏ పవర్ డొమైన్‌లో ఉంది, ఏ రీసెట్ లైన్‌కి కలిసి ఉంది, డీఎంఏ ఛానల్ ఏది. చిప్ కంపెనీ వాళ్లే వీటిని ఏళ్ల తరబడి దిద్దుతూ ఉంటారు. యూ-బూట్ వాళ్లు కూడా 2024 నుంచి లైనక్స్ నుంచి వచ్చే ట్రీ సోర్సునే నేరుగా తెచ్చుకుని వాడుకునే ఏర్పాటు చేసుకున్నారు. దిద్దుబాట్లు జరిగేది అక్కడే అని వాళ్లకీ తెలుసు.

మొదటి మాట గురించి. ఏబీఐ నియమం ఉండాలి, కెర్నల్ వాళ్లు దాన్ని పాటించాలి. కానీ ఆ నియమం విరిగిన రోజున దెబ్బ తగిలేది సైట్‌లో ఉన్న గేట్‌వేకి. అవతలివాళ్లను జాగ్రత్తగా ఉంచడానికి నా కస్టమర్ బోర్డుల్ని పణంగా పెట్టలేను. ఏ బోర్డు మీదైనా ఏ ఓఎస్ అయినా వేసుకునేలా బోర్డులు అమ్మేవాళ్లకైతే మీ పద్ధతే సరి. ఈయన బోర్డు మీద ఈయన కెర్నల్ తప్ప వేరేది బూట్ కాదు.

కొత్త_బోర్డు గారూ, కెర్నల్, అన్ని రివిజన్ల డీటీబీలు కలిపి ఒకే ఫిట్ ఇమేజ్‌గా (యూ-బూట్ చదివే ప్యాకేజీ ఫైల్‌గా) చేసి, ఆ మొత్తానికి సంతకం చేయండి. యూ-బూట్ రివిజన్ చూసి కాన్ఫిగరేషన్ ఎంచుకుంటుంది. ఏ, బీ అని రెండు స్లాట్లు పెట్టండి, ఒకటి నడుస్తుంటే అప్‌డేట్ రెండోదాంట్లోకి వెళ్లాలి. బూట్ ఫెయిలైతే కెర్నల్, ట్రీ రెండూ జంటగా వెనక్కి వెళ్లాలి. బూట్ సక్సెస్ అని గుర్తు పెట్టాల్సింది లాగిన్ ప్రాంప్ట్ వచ్చినప్పుడు కాదు, మీ సర్వర్‌తో నిజంగా ఒకసారి మాట్లాడాక. ఇందాకటి ఈథర్‌నెట్ లాంటి తప్పు అలా చేస్తేనే పట్టుబడుతుంది.

కొత్త_బోర్డు:
రివిజన్ చెప్పడానికి మా బోర్డులో ఈప్రామ్ (చిన్న మెమరీ చిప్) లేదు. బోర్డు మీద 0కో 1కో కట్టేసిన రెండు స్ట్రాప్ పిన్నులు మాత్రమే ఉన్నాయి, జీపీఐఓగా (మామూలు ఇన్‌పుట్ పిన్నులుగా) చదువుతాం. చాలదా?

సీరియల్_కన్సోల్:
రెండు పిన్నులంటే నాలుగు రివిజన్లే. పదేళ్ల ప్రొడక్ట్‌కి చాలదు. లేఅవుట్ ఇంకా ఫ్రీజ్ కాకపోతే, ఐటూసీ బస్ మీద చిన్న ఈప్రామ్ ఒకటి వేయించండి. రివిజన్, మ్యాక్ అడ్రస్ రెండూ అందులోకి పోతాయి. ప్రొడక్షన్ టెస్ట్ అప్పుడే రాసి, రైట్ ప్రొటెక్ట్ పిన్ బిగించేయండి. మీ హార్డ్‌వేర్ వాళ్లు లాక్ చేయాలని పట్టుబడుతున్నారు కదా, లాక్ చేయాల్సింది అదే.